గూడు కట్టిన తవుడు

ఠంగ్. కాస్త ఆగి, ఠంగ్. మళ్లీ ఆగి, ఠంగ్.

ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు. పొయ్యి మీద రెండోసారి పెట్టిన టీ ఇంకా పొంగలేదు. మిల్లు గోడకు ఆనుకొని ఉన్న రేకుల గదిలో అనసూర్య గిన్నె కింద పెట్టి చెవి ఒగ్గింది. మూడు దెబ్బలకు ఆగితే తవుడు కదిలినట్టు. పది దాటితే మొరాయించినట్టు. ఇరవై దాటి, దెబ్బకూ దెబ్బకూ నడుమ తిట్లు కూడా వినబడితే గుమ్మి గూడు కట్టినట్టు. ఆనాడు ఇరవై ఏడు దాకా లెక్కపెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. చప్పుడు వెనుకే వాసన వస్తుందని ఆమెకు తెలుసు.

పెద్దపల్లి నుంచి మంథని పోయే రోడ్డు పక్కన, బర్రెల దాణా తయారుచేసే మిల్లు అది. దాని ముందు నుంచి పోయే బస్సుల్లో జనం కిటికీలు మూసుకుంటారు. మక్కల పిండి, పత్తి చెక్క, సున్నపు పొడి, ఉప్పు, అన్నింటికన్నా ఎక్కువగా నూనె తీసిన తవుడు. ఇవన్నీ కలిపి, బెల్లం మడ్డి పోసి, గుళికలుగా ఒత్తి బస్తాలకెత్తుతారు. మిగతా పొడులు చెప్పిన మాట వింటాయి. తవుడు వినదు. ఎండకు ఎగురుతుంది, వానకు అంటుకుంటుంది, గాలికి కళ్లలో పడుతుంది, చెమటకు మెడ మడతల్లో ముద్దవుతుంది. దాన్ని నిలవచేసే ఇనుప గుమ్మి మూడు నిలువుల ఎత్తు. పైన గుండ్రం, కింద గరాటు. పైనుంచి పోసిన తవుడు కింది మూతిలోంచి మిక్సర్‌లోకి జారాలి. జారితే పని, జారకుంటే సుత్తి.

ఒక్కోసారి కిందిది జారిపోయి, పైది జారక, వంపు తిరిగి గట్టిపడి అట్లాగే నిలబడుతుంది. అడుగున డొల్ల, డొల్ల మీద పొర, పొర మీద బండెడు బరువు. దాన్నే మిల్లులో గూడు కట్టడం అంటారు.

గూడు కట్టినప్పుడల్లా గరాటును సుత్తితో కొడతారు. కొట్టిన చోట రేకు లోపలికి సొట్టపోతుంది. ఆ సొట్టలో తవుడు మరింతగా పట్టుకుంటుంది. పట్టుకున్నచోటే మళ్లీ కొడతారు. పద్దెనిమిదేళ్లుగా కొట్టీ కొట్టీ గరాటు ఒళ్లంతా అమ్మవారు పోసిన మొహంలా అయింది. నిరుడు హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి, లోపల నున్నటి రేకు వేయించాలనీ, సుత్తి బదులు అదిరించే మోటారు బిగించాలనీ చెప్పి వెళ్లాడు. సేటు శ్యాంసుందర్ శ్రద్ధగా విన్నాడు, టీ తాగించాడు, బస్సు ఎక్కించాడు. వారం తిరిగేసరికి మిల్లుకు కొత్త వస్తువు వచ్చింది. ఇంకా పెద్ద సుత్తి.

మిల్లు మేస్త్రీ అనసూర్య భర్తే. పద్దెనిమిదేళ్లుగా గుమ్మి ఆయన చేతి కింద ఉంది, ఇరవై రెండేళ్లుగా అనసూర్య ఉంది.

ఈసారి గూడు ఎందుకు కట్టిందో అనసూర్యకు తెలుసు. రోడ్డు అవతలి ఇండ్లవాళ్లు, ఆరేసిన బట్టల మీద దుమ్ము పడుతోందని గొడవకు వచ్చారు. మేస్త్రీ ఒక ఉపాయం కనిపెట్టాడు. గుమ్మిలోకి ఎక్కించే ముందు తవుడు కుప్ప మీద పైపుతో నీళ్లు చల్లించాడు. దుమ్ము అణిగింది. తూకం కూడా పెరిగింది. సేటు ఆయన భుజం తట్టాడు. ఆ భుజం తట్టుడు మీద మేస్త్రీ నాలుగు రోజులు బతికాడు. ఐదోనాడు ముసురు పట్టింది. తడిసిన తవుడు గుమ్మిలో వెచ్చబడింది, పొంగింది, పులిసింది, అచ్చు పోసినట్టు బిగుసుకుంది.

అనసూర్య వెళ్లేసరికి ఎల్లేశం గరాటు కింద వెల్లకిలా పడుకొని, మూతిలోకి సలాక దోపి గీకుతున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి. మంథని దగ్గరి పల్లె. పొద్దుటి చాయ్ అనసూర్య ఇంటి గడప మీదే తాగేవాడు. ఆనాడూ అక్కడే తాగి వచ్చాడు.

"ఇరవై ఏడు కొట్టిన, వదినె" అన్నాడు, మొహం మీద రాలుతున్న పొడిని ఊదుకుంటూ. "ఏములాడ రాజన్న గుడిల గన్నిసార్లు గంట గొడితె ఏదో ఒక వరమన్న ఇచ్చు. గీ గుమ్మి పిడికెడు తవుడు గూడ ఇయ్యకపాయె."

"రాజన్నకు చెవులున్నయి. దీనికి ఉన్నదే ఒక్క నోరు. అది గూడ మూసుకపాయె."

"మా ఇంట్ల యాదవ్వకు గిట్ల మూసుకపోతె నేను కొబ్బరికాయ గొడుదు."

"ఆగు, రానియ్యి దాన్ని. చెప్త."

నవ్వు పూర్తికాకముందే మూతిలోంచి ఒక పెళ్ల ఊడిపడింది. పగిలి నాలుగు ముక్కలైంది. లోపల పచ్చ, అంచున నలుపు, నడుమ తేనెపట్టులాగా తొర్రలు, తొర్రల్లో తెల్లటి పురుగులు. ఎండిన ఎలుక తోక ఒకటి వెంట్రుకలతో సహా అతుక్కొని ఉంది. పులిసిన కల్లు, మురిగిన గుడ్డు, వానకు తడిసిన కుక్క, మూడింటి కంపూ ఒక్కసారే లేచింది. అనసూర్య ముక్కు మీది కొంగును ఇంకా బిగించింది.

అట్లాంటి పెళ్లలను ఎండబెట్టడం, రోకటితో చిదపడం, జల్లెడ పట్టడం, జల్లించిన పొడిని మిక్సర్‌లో పోయడం ఆమె పని. ఏడేళ్లుగా చేస్తోంది. ఏడేళ్లుగా అన్నం ముందు కూర్చున్నప్పుడు చేయి వాసన చూసుకోకుండా ముద్ద ఎత్తలేకపోయింది.

"ఇగో" అని పిలిచింది మేస్త్రీని. భర్తను ఆమె పిలిచే పిలుపు అదే. "గిది పారబోద్దాం. పురుగులు లుకలుకమంటున్నయి."

మేస్త్రీ వచ్చి పెళ్లను చెప్పుకాలితో తిప్పిచూశాడు. "పురుగైతె ఏంది? ఎండకు సస్తది. చచ్చినంక అది గూడ దాణానే."

"వాసన సూడరాదు."

"మడ్డి పోస్తె బర్రెకేం ఎరుక? నువ్వేమన్న తింటున్నవా?"

"పాలు తాగుతున్నం గద."

"అబ్బో! డాక్టరమ్మ అయినవు" అని నవ్వాడు. నవ్వితే ఆయన కనుబొమ్మల మీది తవుడు రాలింది. "నీ జల్లెడ నువ్వు వట్టుకో."

పది గంటలకు మంథని పోవలసిన లారీ సగం నిండి ఆగిపోయింది. సేటు ఫోను మీద ఫోను. పనివాళ్లంతా లారీ దగ్గర ఉన్నారు. గుమ్మి కింద ముగ్గురే మిగిలారు: మేస్త్రీ, ఎల్లేశం, పది అడుగుల దూరంలో జల్లెడ ముందు అనసూర్య. తవుడు రాక యంత్రాలు ఆగిపోయాయి కాబట్టి, చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

"ఎల్లేశా, మీదికెక్కు" అన్నాడు మేస్త్రీ. "లోపలికి దిగి గడ్డపారతోని పొడువు."

"తాడేది, అన్నా?"

"తాడు లారీ మీద కట్టిరి. ఇప్పుడు ఇప్పుమంటవా? ఐదు నిమిషాల పని. లోపటి నిచ్చెన వట్టుకొని నిలవడు, గంతే."

"అడుగున డొల్ల ఉన్నదన్నా. కొడితె గల్లుమంటుంది."

"డొల్ల ఉన్నదనే పొడువుమంటున్న. నిండుగుంటె నిన్నెందుకు అడుగుత? నీకు శాతగాకుంటె చెప్పు. రేపటిసంది ఇంకొకన్ని పిలుసుకుంట."

"తాడు లేకుంటె ఎట్ల దిగుతడు?" అన్నది అనసూర్య.

మేస్త్రీ తల తిప్పలేదు. "నిన్ను అడిగిన్నా?"

ఎల్లేశం ఆమె వైపు చూసి, భుజాలెగరేసి, గడ్డపార అందుకున్నాడు. బయటి నిచ్చెన ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఇనుము కిర్రుమన్నది. పైన మూత తెరుచుకుంది. కాసేపు లోపలి నుంచి దబ్ దబ్ మని పొడుస్తున్న చప్పుడు. నిచ్చెన మీద నిలబడితే గడ్డపార అందడం లేదని అతను కేకేశాడు. "అయితె పొర మీద అడుగువెట్టు, ఏమైతది" అని కింది నుంచి మేస్త్రీ అరిచాడు. అతను అడుగు పెట్టాడు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎవరో అలసిపోయి ఊపిరి వదిలినట్టు, హుస్సుమన్నది. పై మూతలోంచి గోధుమరంగు దుమ్ము లేచి, గొడుగులా విచ్చుకొని, మెల్లగా కిందికి దిగింది. తర్వాత మళ్లీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అనసూర్య తన చేతిలోని జల్లెడ ఊగడం ఆగలేదని గమనించింది. చేతులు వాటంతట అవే జల్లిస్తున్నాయి.

గరాటు పక్కనున్న చిన్న తలుపు బోల్టులు తుప్పుపట్టి రాలేదు. ఆ తలుపు మీద కూడా సుత్తి దెబ్బలే. లారీ దగ్గరి వాళ్లు పరుగెత్తుకొచ్చి బోల్టులు విరగ్గొట్టారు. చేతులతో, తట్టలతో, పళ్లాలతో తోడారు. తోడినకొద్దీ పైనుంచి జారింది. పొద్దుటి నుంచి ఇరవై ఏడు దెబ్బలకు కదలని తవుడు, ఇప్పుడు ఆపమన్నా ఆగకుండా నీళ్లలా జారింది. అనసూర్యకు దాని మీద అసహ్యం వేసింది. పొడి మీద కూడా అట్లా అసహ్యపడవచ్చని అప్పటిదాకా ఆమెకు తెలియదు.

ఎల్లేశాన్ని బయటికి లాగేసరికి అతని మొహం లేదు. మొహం ఉండవలసిన చోట పిండిముద్ద ఉంది. ముక్కు పూడిపోయింది, నోరు నిండిపోయింది. మగవాళ్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు. అనసూర్య మోకాళ్ల మీద కూలబడి, రెండు వేళ్లు అతని నోట్లోకి దోపి, లోపలి ముద్దను లాగింది. వెచ్చగా, జిగటగా, పుల్లటి కంపుతో వచ్చింది. మళ్లీ దోపింది, మళ్లీ లాగింది. నాలుగోసారి ముద్దతోపాటు రక్తం వచ్చింది. ఐదోసారి దగ్గు వచ్చింది. దగ్గుతోపాటు అతను ఆమె మోచేతి మీద కక్కాడు.

108 వచ్చి అతన్ని కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. పోయేటప్పుడు అతను కళ్లు తెరిచే ఉన్నాడు. మాట మాత్రం రాలేదు. గొంతులో గాలి ఈలలా వినబడింది.

అంబులెన్సు మోత రోడ్డు మలుపు తిరిగిందో లేదో, మేస్త్రీ పనివాళ్ల మీద చప్పట్లు కొట్టాడు. "కానియ్యిండ్రి, కానియ్యిండ్రి. లారీ ఆగింది. అనసూర్యా, ఇగ ఏం సూస్తున్నవు? గుమ్మి ఖాళీ అయింది. గీ కిందవడ్డదంత జల్లెడ వట్టి మిక్సర్‌ల పొయ్యి."

ఆమెకు అర్థం కాలేదు. "ఏది?"

"గిదే. గీ కుప్ప."

ఎల్లేశాన్ని లాగిన కుప్ప. అతను కక్కినదీ, రక్తమూ కలిసిన కుప్ప. ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుంది. చేయడం లేదు. లెక్క ప్రకారం చెబుతున్నాడు, నిన్న చెప్పినట్టే, మొన్న చెప్పినట్టే.

అవతల నలుగురు తట్టలతో ఎత్తి ఆమె జల్లెడలో పోశారు. చేతులు ఊపాయి. పొడి రాలింది, ముద్దలు మిగిలాయి. ముద్దల నడుమ ఒక రబ్బరు చెప్పు పట్టీ. ముద్దను చిదిపితే దానిలో ఒక పన్ను. ముందు పన్ను. వేరుతో సహా, పసుపు పచ్చగా, తవుడు పూసుకొని.

"ఇగో" అన్నది. వేలితో చూపింది.

మేస్త్రీ వంగి చూశాడు. పన్ను తీసి, గుమ్మి వెనకాలి చెత్తలోకి విసిరాడు. "ఒక్క పన్నుకు గంత పరేషాన్ ఏందే? ఏరేస్తివి గద. పొయ్యి."

పోసింది. ఆ సంగతి ఆమె తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయేది. పోసింది. మడ్డి నల్లగా, తీయగా పైనుంచి దిగింది. మిక్సర్ తిరిగింది. రెండింటికి లారీ మంథని పోయింది.

సాయంత్రం ఎండ ఇంకా గడప మీద ఉండగానే మేస్త్రీ ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు, చేతులు కడుక్కోలేదు. అన్నంలో పప్పు కలిపి పెద్దపెద్ద ముద్దలు చేశాడు. చెవి మడతలో తవుడు గట్టిపడి ఉంది. నమిలినప్పుడల్లా అది కదులుతోంది. అనసూర్య గోడకానుకొని, ఆ కదలడాన్నే చూసింది. ఇరవై రెండేళ్లుగా ఈ చెవి పక్కనే పడుకున్నాను కదా అనుకుంది. వెంటనే ఆ ఆలోచనను కూడా కక్కేయాలనిపించింది.

"సేటుతోని మాట్లాడిన" అన్నాడు ముద్ద మింగి. "ఎల్లేశం తాగి ఎక్కిండు. ఎవ్వలు చెప్పలే, వాడే ఎక్కిండు. అందరు గదే చెప్పాలె."

"తాగలే. పొద్దుగాల మన గడప మీద చాయ్ తాగిండు."

"ఐతారం ఐతారం తాగుతడు గద."

"గియ్యాల మంగళారం."

"నువ్వేమన్న వాని నోరు వాసన సూసినవా?"

"సూసిన" అన్నది అనసూర్య. "ఏళ్లు వెట్టి తీసిన. తవుడు వాసనొచ్చింది. నువ్వు నీళ్లు చల్లిన తవుడు."

మేస్త్రీ ముద్ద ఆపాడు. కొట్టలేదు. ఆయన ఎప్పుడూ కొట్టే మనిషి కాదు. కొట్టడానికి ఆయనకు గుమ్మి ఉంది. మెత్తగా, పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "తప్పు నాదని రాస్తె నన్ను తీసుకపోతరు. గీ గది సేటుది. రెండో పొద్దుకు నువ్వు రోడ్డు మీద ఉంటవు. తప్పు వానిదని రాస్తె వాని కొలువు పోతది, దవాఖాన సంగతి వాళ్లు సూసుకుంటరు. బతికిండు గద, ఇంకేంది? ఆలోచన చెయ్యి." ఆలోచించమన్నవాడు మజ్జిగ పోయమని గిన్నె ముందుకు తోశాడు.

మర్నాడు పొద్దున యాదవ్వ వచ్చింది. ఎల్లేశం భార్య. రెండు బస్సులు మారి, దవాఖాన నుంచి నేరుగా వచ్చింది. వాకిట్లోకి రాలేదు, గడప బయటే నిలబడింది.

"అక్కా, నా పెనిమిటి తాగిండంట. సేటు మనిషి దవాఖానకొచ్చి, కాయితం మీద వేలుముద్ర వెట్టుమన్నడు. నేను వెట్టలే. ఆయనకు గొంతుల పైపు వేసిండ్రు, అడుగుదామంటె మాటరాదు. కండ్లతోని నీళ్లు గారుస్తుండు. నువ్వు ఆడనే ఉంటివంట గద. తాగిండా అక్కా?"

పెరట్లో మేస్త్రీ వేపపుల్లతో పళ్లు తోముతున్నాడు. తోమే చప్పుడు ఆగింది.

"నేను జల్లెడ కాడ ఉన్న, చెల్లె" అన్నది అనసూర్య. "నాకు కనవడలే."

యాదవ్వ ఆమెనే చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. "సరే అక్కా" అని, కొంగు సర్దుకొని, బస్సు స్టేజీ వైపు నడిచిపోయింది. పెరట్లో పళ్లు తోమే చప్పుడు మళ్లీ మొదలైంది. అనసూర్య చెంబుతో నీళ్లు తీసుకొని నోరు పుక్కిలించింది. మళ్లీ పుక్కిలించింది. తాను ఎల్లేశం నోట్లోంచి తీసిన ముద్ద ఇప్పుడు తన నోట్లోకి వచ్చినట్టుంది. వేళ్లు పెట్టి లాగేవాళ్లు ఎవరూ లేరు.

మూడోనాడు కార్ఖానాలు తనిఖీ చేసే అధికారి వచ్చింది. పేరు పద్మలత. నలభై ఐదేళ్లుంటాయి. జీపు దిగుతూనే ఆఫీసు గది వైపు కాకుండా గుమ్మి వైపు నడిచింది. గరాటు చుట్టూ తిరిగి, సొట్టల మీద అరచేయి పెట్టి చూసింది. విరిగిన బోల్టులు చూసింది. పైకెక్కి, మూత తీసి, లోపలికి చూసి దిగింది. దిగాక చాలాసేపు ముక్కు దగ్గరి నుంచి రుమాలు తీయలేదు.

ఆఫీసు గదిలో సేటు శ్యాంసుందర్ కుర్చీలు వేయించాడు, చాయ్, బిస్కెట్లు పెట్టించాడు. చాయ్ మీద సన్నటి తవుడు పొర తేలింది. పద్మలత దాన్ని చూసి, కప్పును పక్కకు జరిపింది.

"ఆ మనిషిని లోపలికి దిగమన్నదెవరు?"

"ఎవ్వలు చెప్పలే మేడం" అన్నాడు మేస్త్రీ, చేతులు కట్టుకొని. "తాగి ఉండె. మేం సూసేవరకే ఎక్కిండు."

లారీ దగ్గరి నలుగురూ అదే చెప్పారు. వాళ్లు చూడలేదు కాబట్టి వాళ్లకు అది తేలికగానే వచ్చింది. ఆమె అందరి మాటలూ రాసుకుంది. కాగితం నిండుతోంది. కింద సంతకాల జాగా ఖాళీగా కనబడుతోంది.

"ఆ సమయంలో గుమ్మి దగ్గర ఇంకెవరున్నరు?"

తలుపు దగ్గర నిలబడిన అనసూర్యకు, గోడ అవతల మిక్సర్ తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. దానిలోకి మడ్డి పోస్తున్నట్టున్నారు. కిటికీలోంచి ఆ తీపి కంపు లోపలికి వచ్చింది. కుళ్లిన ప్రతిదాని మీదా పోసే తీపి. ఈ గదిలో కూడా పోస్తున్నారు, కాగితం మీద, పొద్దుటి నుంచి. తాను నిన్న యాదవ్వ మీద పోసింది. ఆమెకు ఇక ఆపుకోవడం చేతకాలేదు.

"నేనున్న మేడం" అన్నది. "ఎల్లేశం తాగలే. తాడు అడిగిండు, ఇయ్యలే. డొల్ల ఉన్నదన్నడు, ఇనలే. పొర మీద అడుగువెట్టుమంటె వెట్టిండు. నా చెవులతోని ఇన్న."

గదిలో కుర్చీ ఒకటి కిర్రుమన్నది.

"ఎవరు పెట్టుమన్నరు?"

"మా ఇంటాయన."

మేస్త్రీ కట్టుకున్న చేతులు విడిపోయాయి. సేటు గలగలా నవ్వాడు. "మేడం, గిది మొగడు పెండ్లాల లొల్లి. మొన్న ఇంట్ల ఏదో అయినట్టున్నది. జర పక్కకు పెట్టుండ్రి."

పద్మలత నవ్వలేదు. కలం కాగితం మీద ఆనించి, "పేరు చెప్పమ్మా" అన్నది.

అనసూర్య నోరు తెరిచి, మూసుకుంది.

"మా దిక్కు ఆడోళ్లు మొగని పేరు తియ్యరు మేడం" అన్నాడు సేటు, కుర్చీలో వెనక్కి వాలి. "ఆయుష్షు తగ్గుతదంటరు. ఆమెతోని కాదు. ఇడిసిపెట్టుండ్రి."

మేస్త్రీ మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. పెదవి చివర చిన్న నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు అనసూర్యకు తెలుసు. పురుగు చస్తే అది కూడా దాణానే అన్ననాటి నవ్వు.

"చూడమ్మా" అన్నది పద్మలత, ఈసారి నెమ్మదిగా. "ఇంటాయన అని నేను రాసుకోలేను. రేపు ఇంకెవరైనా, ఏ ఇంటాయన అని అడుగుతరు. నేను పేరు చెప్పి, నువ్వు తలూపితే అది నీ మాట కాదు, నా మాట అయితది. నువ్వే చెప్పాలె. చెప్పలేనంటే చెప్పలేదని రాసుకొని పోత."

ఇరవై రెండేళ్లు. రేషన్ కార్డు రాసేచోట, ఇంటి యజమాని ఎవరంటే వెనకాల ఉన్నవాళ్లు ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. బ్యాంకులో కాగితం చూపి వేలు పెట్టేది. వేములవాడలో పూజారి గోత్రం, పేరు అడిగితే ఆయనే గొంతు సవరించుకొని తన పేరు తానే చెప్పుకొనేవాడు. పెండ్లయి అత్తగారింటికి వచ్చిననాడు, గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామన్నారు. అప్పుడు పెదవులు కదిపింది. ఎవరికీ వినబడలేదు. నవ్వి, జాలిపడి, వదిలేశారు. ఆ పేరు ఆమె లోపలికి అట్లా వెళ్లింది. వెళ్లి, జారకుండా, కదలకుండా, ఏళ్ల తరబడి అక్కడే గట్టిపడి ఉంది. దాని అడుగున ఏమీ లేదని ఆమెకు ఇప్పుడు తెలుసు.

"అనసూర్యా" అన్నాడు మేస్త్రీ. ఆజ్ఞ కాదు, బతిమాలడం. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. కొద్దిగా జాలి కలిగింది. కలిగినంతసేపు నిలవలేదు. ఆయన చెవి మడతలో తవుడు ఇంకా అట్లాగే ఉంది.

ఆమె తలుపు దగ్గరి నుంచి బల్ల దాకా నడిచింది. కొంగు ముక్కు మీది నుంచి తీసింది.

"కైలాసం" అన్నది.

గొంతు గరగరలాడింది. అధికారి తలెత్తింది, సరిగా వినబడలేదన్నట్టు. అనసూర్య భర్త వైపు తిరిగి, ఆయన కళ్లలోకి చూస్తూ, మిక్సర్ చప్పుడు మీదుగా, గడప అవతలి వాళ్లకు కూడా వినబడేలా, ఇంటి పేరుతో సహా మళ్లీ చెప్పింది.

"బండారి కైలాసం."